నిలబెట్టి తీసిన ఎక్స్‌రే

కాటారం,
జనవరి 12, 2025.

నవ్యకు,
నీ వదిన ఉమ రాసేది.

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. మొన్న ఫోన్లో అమ్మ గురించి, యాడి ఎట్లా ఉందని అడిగితే నువ్వు ఆఁ, ఊఁ అని మాట మింగేశావు. నాకు అర్థమైంది. ఉన్నది ఒక్క గది, ముందు రేకుల పందిరి, ఆ పందిరి కిందే మా అమ్మ మంచం. మా తమ్ముడు జగన్ ఫోన్ స్పీకర్ పెడితే తప్ప వినిపించదు. అంటే యాడి గురించి యాడి చెవిలోనే మాట్లాడుకోవాలి. అందుకే ఈ ఉపాయం. ఆమెకు చదవడం రాదు. ఆమె ముందు కూచుని రాసినా భయం లేదు. పైగా నేను తెలుగు పంతులమ్మను. ప్రతి ఏడూ పిల్లలకు లేఖారచన పాఠం చెప్తాను గానీ, నేనెవరికీ ఒక్క ఉత్తరం రాసిన పాపాన పోలేదు.

ఇక ఉన్నదున్నట్టు చెప్పు. నల్లా దగ్గర జారి కూలబడి నెల దాటింది. వెన్నుపూస ఒకటి నలిగిందనీ, వయసుకు ఎముకలు గుల్లబారాయనీ, మూడు నెలలు బెల్టు కట్టుకుని జాగ్రత్తగా ఉంటే అదే అతుకుతుందనీ మానుకోట డాక్టరు అన్నాడు కదా. బెల్టు కట్టుకుంటోందా? బాపు పోయినప్పటి నుంచి ఆమె ఎవరి మాటా వినదు. మా జగన్ మాట అసలే వినదు. నీ మాటే కాస్త చెల్లుతుంది.

నాకూ రావాలనే ఉంది. కాటారం నుంచి భూపాలపల్లి, అక్కణ్ణుంచి వరంగల్, ఆపైన మానుకోట, మళ్ళీ తండాకు ఆటో. పోవడానికో రోజు, రావడానికో రోజు. ఇక్కడ హాస్టల్లో పిల్లల్ని వదిలి కదలలేను. నువ్వున్నావన్న ధైర్యంతోనే ఉన్నాను.

మీ వదిన,
ఉమ


దేవ్యా తండా, మహబూబాబాద్ జిల్లా,
జనవరి 30.

వదినకు నవ్య నమస్కారాలు.

పోస్టుమ్యాన్ మీ ఉత్తరం అత్తమ్మ చూస్తుండగానే చేతికిచ్చాడు. "ఉమ రాసిందా? సదువు బిడ్డా, ఇంట" అన్నది. ఏం చదవమంటారు? "యాడీ, పెయ్యి జాగ్రత్త, యాళ్లకు తిను, నా పానమంతా నీ మీదనే ఉన్నది అని రాసింది అత్తా" అన్నాను. ఆమె కాగితం తీసుకుని మడిచి దిండు కింద పెట్టుకుంది. నిద్రపోయాక నేనే మెల్లగా తీసి దాచాను.

బెల్టు సంగతి అడిగారు. అద్దాల రవికె మీద కడితే అద్దాలు పక్కటెముకల్లో గుచ్చుకుంటాయి. రవికె మార్చి మెత్తటి జాకెట్ తొడుక్కోమంటే ఒప్పుకోదు. "పెండ్లైన కాడికెల్లి ఇదే కట్టు. ఇప్పుడు ఇడిస్తె మీ మామ పైకెల్లి సూసి నన్ను గుర్తువడతడా?" అంటుంది. అందుకని రోజులో సగం సేపు బెల్టు గోడ మేకుకు వేలాడుతుంది. నేను కూడా పట్టుబట్టలేదు. ఏరే కూలీలు దొరక్క పొద్దస్తమానం మిరప చేలోనే ఉంటున్నాను.

ఇంకో సంగతి ఉంది. రాయడానికి చేయి రావడం లేదు. పడుకుని ఉన్నంతసేపు ఆమెకు ఏమీ లేదు వదినా. తింటుంది, తీజ్ పండుగ పాటలు పాడుతుంది, పక్కింటి వాళ్ళతో పరాచికాలాడుతుంది. లేచి కూచోబెడితే చాలు, తండా అంతా వినబడేట్టు అరుస్తుంది. మళ్ళీ పడుకోబెడితే కాసేపట్లో మామూలే. మీ తమ్ముడికి ఇది అర్థం కావడం లేదు. "పంటె పాడుతది, లేపితె ఏడుస్తది. గిదేం రోగం?" అని విసుక్కుంటున్నాడు. పోయిన వారం మళ్ళీ మానుకోట తీసుకెళ్ళాం. కూచోలేదు కాబట్టి పడుకోబెట్టే ఎక్స్‌రే తీశారు. ఎముక ఎత్తు బాగానే ఉంది, అతుకుతున్నట్టే ఉంది, ఇక మెల్లగా నడిపించండి అన్నారు. నడిపించబోతే అదే అరుపు.

తండాలో ఒకరిద్దరు అత్తమ్మను పేరు పెట్టి అననే అన్నారు. మిరపకాయ ఏరుడు తప్పించుకోవడానికి రాజీ మంచమెక్కిందని. నేను వాళ్ళను తిట్టాను. తిట్టానే గానీ, నాక్కూడా ఒక్కోసారి ఆ అనుమానం వస్తోంది. సిగ్గుగా ఉంది.

నవ్య


కాటారం,
ఫిబ్రవరి 14.

నవ్యకు ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత ఒళ్ళు మండింది. నువ్వు సిగ్గుపడాల్సిన పని లేదు. మీ అత్తను నువ్వు చూస్తున్నది పెళ్ళైనప్పటి నుంచి, నేను చూస్తున్నది పుట్టినప్పటి నుంచి. ఆమె ముందు నాటకాలోళ్ళు బలాదూర్.

నేను పదో తరగతిలో ఉండగా ఇంటికి చుట్టాలొచ్చారు. వాళ్ళు గడప తొక్కారో లేదో, యాడి కడుపు పట్టుకుని మంచమెక్కింది. మెలికలు తిరిగింది. పళ్ళు కొరికింది. బాపు పరేషాన్ అయిపోయి పసరు మందు కోసం ఊరూరా తిరిగాడు. చుట్టాలు చూసి చూసి, ఇక్కడ మన పని అయ్యేది కాదని దారి పట్టారు. వాళ్ళ ఆటో తండా దాటగానే లేచి కూచుని జొన్నరొట్టెలో కారం నంజుకుని తిన్నది. నన్ను చూసి కన్ను కూడా గీటింది. అంతటి మనిషి ఆమె.

నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ, నిద్ర నటించేవాణ్ణి లేపలేమంటారు. నా దగ్గర మందుంది. కల్లంలో మిరపకాయలు ఎండబోశారు కదా? వాన అన్న మాట వింటే మిరప రైతు పాడె మీదికెల్లి కూడా లేస్తడని బాపు అనేవాడు. ఒక మధ్యాహ్నం గట్టిగా "వానొచ్చె" అని అరిచి చూడండి. లేవలేదా, నిజంగానే రోగం. అప్పుడు పెద్ద దవాఖానకు తీసుకుపోదాం. లేచిందా, రోగం కుదిరినట్టే.

సరదాకే రాశాను. కానీ చేసి చూస్తే తప్పేం లేదు.

మీ వదిన,
ఉమ


దేవ్యా తండా,
మార్చి 4.

వదినకు,

మీరు చెప్పినట్టే చేశాం. అత్తమ్మ లేచింది. కల్లం దాకా ఉరికింది. మీ తమ్ముడు బాగా నవ్వాడు.

కాయ ఈసారి మంచి రంగు వచ్చింది. తాలు తక్కువ. ఏరడం సగం పైనే అయింది.

ఇంకేం విశేషాలు లేవు. అత్తమ్మ పడుకుని ఉంది. ఈ మధ్య పాటలు పాడడం లేదు.

నవ్య


కాటారం,
మార్చి 12.

నవ్యా,

చూశావా, నేను డాక్టర్ కావలసినదాన్ని, తప్పిపోయి పంతులమ్మనయ్యాను! స్టాఫ్ రూమ్‌లో ఈ కథ చెప్తే మా హెడ్మాస్టరు టీ పొలమారి దగ్గాడు. "మేడమ్, మీ అమ్మగారిని పరుగు పందానికి పంపండి" అన్నాడు.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఊరుకోలేక యాడినే అడిగేశాను, "బాగ ఉరికినవట గద యాడీ?" అని. "ఆఁ బిడ్డా" అన్నది, అంతే. ఎంత సిగ్గుపడిందో పాపం.

ఇక గారాబం చాలించు. మంచం దగ్గరికి పళ్ళెం మోసుకుపోకు. గడప దగ్గర పెట్టు, ఆకలైతే అదే వస్తుంది. కొన్నాళ్ళు కఠినంగా ఉండక తప్పదు. నన్ను రాక్షసి అనుకోకు, ఆమె మంచికే చెప్తున్నాను. మంచం మీద అలవాటు పడితే మనిషి పనికిరాకుండా పోతుంది.

మీ వదిన,
ఉమ


తరిగొప్పుల, జనగామ జిల్లా,
ఏప్రిల్ 2.

వదినకు,

ఇది మా పుట్టింటి నుంచి రాస్తున్నాను. అత్తమ్మ నాతోనే ఉంది. మీ తమ్ముణ్ణి అడగకుండా తీసుకొచ్చాను. ఆయన ముందు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఇక్కడికి వచ్చాడు, మాట్లాడుతున్నాడు, కానీ తల ఎత్తడం లేదు.

పోయిన ఉత్తరంలో నేను సగమే రాశాను. మిగతా సగం ఇది.

ఆ రోజు ఎండ మాడ్చేస్తోంది. మీ తమ్ముడు గుంజ చాటు నుంచి సైగ చేశాడు. అరిచింది నేను. "అత్తా, వానొచ్చె! మిరపకాయలు!" అని. ఆమె ఉలిక్కిపడి లేచింది. బెల్టు లేదు, చెప్పులు లేవు. కల్లం దాకా ఉరికి, వంగి, టార్పాలిన్ కొస పట్టి గుంజి, రెండు చేతులా కాయలు దగ్గరికి తోసింది. తర్వాత ఆగిపోయింది. పైకి చూసింది. మా మొహాలు చూసింది. మీ తమ్ముడు చప్పట్లు కొట్టి "సూసినవా, రోగం పాయె!" అన్నాడు. కాయలేరే ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది వదినా. దొంగతనం చేస్తూ దొరికిన పిల్ల నవ్వినట్టు నవ్వింది. తర్వాత గోడ పట్టుకుని వెళ్ళి పడుకుంది.

మర్నాటి నుంచి కుడి పాదం లేవలేదు. దింపితే చెప్పు జారి వెనకే ఉండిపోయేది. మేమది చూశాం. ఇది ఇంకో నాటకం అనుకున్నాం. ఆమె నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేదు.

మీ ఉత్తరం వచ్చాక పళ్ళెం గడప దగ్గర పెట్టాను. ఆమె మంచం దిగి, నేల మీద కూచుని, చేతులతో జరుక్కుంటూ వచ్చి తిన్నది. తిని, అక్కడే పళ్ళెం కడిగి బోర్లించింది. నేను తలుపు చాటునే నిల్చుని చూశాను. చూసి కూడా మరుసటి రోజు మళ్ళీ గడప దగ్గరే పెట్టాను. మీరు చదువుకున్నవారు, మీకు తెలుసు అనుకున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. కానీ నాకు కళ్ళున్నాయి కదా.

తర్వాత ఒక పొద్దున ఎంత పిలిచినా దుప్పటి తీయనివ్వలేదు. బలవంతంగా తీశాను. లంగా తడిసిపోయి ఉంది. ఆమెకు తెలియకుండానే పోతోందట. ఎన్ని రోజుల నుంచో అడిగితే చెప్పలేదు. నేను చేనుకు పోయాక జరుక్కుంటూ వెళ్ళి తనే ఉతుక్కుని, అదే తడిబట్ట మళ్ళీ చుట్టుకుంటోంది. అప్పుడే మా అన్న వెంకటేశ్‌కు ఫోన్ చేశాను. అన్న ఆటోలో పరుపు వేసుకుని వచ్చి, నిద్రపోతున్న పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుపోయాడు.

జనగామలో ఒక దవాఖానకు హైదరాబాద్ నుంచి వెన్నెముక డాక్టరమ్మ వస్తుంది. ఆమె అత్తమ్మను పడుకోబెట్టి ఒక ఎక్స్‌రే తీయించింది. తర్వాత అటొకరు ఇటొకరు పట్టుకుని నిలబెట్టి ఇంకొకటి తీయించింది. అత్తమ్మ అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి నాకు చూపించింది. పడుకున్న దాంట్లో ఎముక మామూలుగానే ఉంది, మధ్యలో నల్లటి గీత ఒకటి తప్ప. నిలబడ్డ దాంట్లో అదే ఎముక అప్పచ్చిలాగా అణిగిపోయి, వెనక్కి నెట్టుకుపోయింది. నలిగిన ఎముకకు రక్తం అందక లోపల చచ్చిపోయిందట. అతకనే లేదట. లోపల ఖాళీ పడిందట. పడుకుంటే ఆ ఖాళీ తెరుచుకుంటుంది, నొప్పి ఉండదు. లేస్తే మూసుకుంటుంది, ప్రాణం పోతుంది. "ఎముక గుల్లబారినోళ్ళల్ల గిట్ల అయితది. పండుకోబెట్టి తీసింది ఒక్కటే సూస్తే ఎవరైనా మోసపోతరు" అన్నది డాక్టరమ్మ. తర్వాత నన్నడిగింది, "మధ్యల మళ్ళ పడ్డదా? ఏమన్న బరువు లేపిందా? వంగి పని చేసిందా?" అని.

నరం నలిగింది. పైనా కిందా ఎముకలకు మరలు బిగించి, కడ్డీలు వేసి, సిమెంటు పోసి నిలబెట్టాలట. మరలు కూడా గుల్ల ఎముకలో పట్టు నిలవకపోవచ్చు. కాలు వస్తుందో రాదో తెలియదు. ఆపరేషన్ వచ్చే వారం.

మీ ఉత్తరాలు వచ్చిన ప్రతిసారీ అత్తమ్మ చదవమనేది. నేను కల్పించి చదివేదాన్ని. వదినా, ఏమీ అనుకోకండి, నేను కల్పించిన ఉమ మీకన్నా మంచిది. వాన మాట మీదే కావచ్చు, కానీ అరిచిన గొంతు నాది. అందుకే నేను మిమ్మల్ని గట్టిగా ఒక మాట కూడా అనలేకపోతున్నాను.

నవ్య


కాటారం,
ఏప్రిల్ 8.

నవ్యా,

నీ ఉత్తరం అందిన రోజు బడికి పోలేదు. మర్నాడు పోయాను. హెడ్మాస్టరు ఎదురుపడి "మీ అమ్మగారు ఎట్లున్నరు, ఉరుకుతున్నరా?" అని నవ్వాడు. ఆయన తప్పేముంది? నవ్వడం నేర్పింది నేనే. నవ్వలేక, ఏడవలేక క్లాసులోకి పోయి బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను.

నీకు నేను కూడా సగమే రాశాను. ఆ చుట్టాలు ఎందుకొచ్చారో రాయలేదు. నన్ను పెళ్ళికి చూసుకోవడానికి వచ్చారు. బాపు మాట ఇచ్చేశాడు. నాకు పదిహేను నిండలేదు. ఇంటి ఆడమనిషి మంచం పట్టి ఉంటే మాట ఖాయం చేసుకోవడం మన దగ్గర అరిష్టమంటారు. యాడి అందుకే మంచమెక్కింది. ఈ రోజు నేను బల్ల ముందు కూచుని ఇంత తెలుగు రాస్తున్నానంటే అది ఆ కడుపునొప్పి పుణ్యం. జీవితంలో ఆమె ఆడిన నాటకం అదొక్కటే, అదీ నా కోసం. దాన్నే నీకు సాక్ష్యంగా చూపించాను. ఎందుకో రాస్తే నా వాదన నిలవదని తెలిసే రాయలేదు.

ఇంకా చెప్తాను, విను. బస్సు లేదు, సెలవు లేదు అన్నవన్నీ సాకులే. ఆమె జబ్బు నిజమైతే నేను రావాలి, దగ్గర కూచోవాలి, ఎత్తాలి, కడగాలి. అబద్ధమైతే రానక్కర్లేదు. నాకు అబద్ధమే కావలసి వచ్చింది. పంతులమ్మను కదా, తెలివిగా నిరూపించాను.

మొన్న బ్యాగు సర్దుకుని బస్టాండు దాకా వచ్చాను. భూపాలపల్లి బస్సు వచ్చింది, పోయింది. ఎక్కలేకపోయాను. ఏ మొహం పెట్టుకుని ఆమె మంచం పక్కన నిలబడను?

ఆమెకు తెలుసా? ఆ వాన మాట నాదని ఆమెకు చెప్పావా? చెప్పకపోతే చెప్పకు నవ్యా. ఈ వాక్యం కొట్టేద్దామని కలం ఎత్తాను. కొట్టేయను. ఎంత సిగ్గులేనిదాన్నో నీకు తెలియాలి.

ఉమ


జనగామ,
ఏప్రిల్ 19.

వదినకు,

ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదన్నారు. కాలి బొటనవేలు కొద్దిగా కదుపుతోంది. ఒంటికి పోయేది మళ్ళీ తెలుస్తోంది. నడక సంగతి డాక్టరమ్మ ఏ మాటా ఇవ్వలేదు. మరలు నిలవాలి, రోజూ ఎముక ఇంజెక్షన్ ఇవ్వాలి, బెల్టు విప్పకూడదు. రవికె తనే మార్చుకుంది. నేను అడగలేదు.

ఆపరేషన్‌కు ముందు రోజు జరిగింది మీకు రాయాలి. డాక్టరమ్మ రెండు ఎక్స్‌రేలు వెలుతురుకు పెట్టి అత్తమ్మకు కూడా చూపించింది. అత్తమ్మ పడుకునే వేలు చాపి ఆ నల్లటి ఖాళీని తాకింది.

"గిది నిజంగనే ఇరిగిందా?"

"ఇరిగింది అవ్వా. అతకలే."

"నాటకం గాదా?"

డాక్టరమ్మ అర్థం కాక నావైపు చూసింది. నేను నేల చూశాను. అత్తమ్మ ఏడ్చింది. నొప్పికి కూడా ఆమె అట్లా ఏడవగా నేను చూడలేదు. ఏడుస్తూ నవ్వింది. తర్వాత మందులిచ్చే పిల్లకు, పక్క మంచం వాళ్ళకు, మా అన్నకు, అందరికీ ఆ ఎక్స్‌రే చూపించమన్నది. మీ తమ్ముడికి నన్నే చూపించమన్నది. ఆయన చూడలేక బయటికి పోయాడు.

నేనిక ఆగలేకపోయాను. ఆమె కాళ్ళ దగ్గర కూచుని చెప్పేశాను. "అత్తా, గా దినం వాన లేదు. కావాలనే అరిచిన. నువ్వు లేస్తవో లేవవో సూద్దామని."

"నాకెరుకే బిడ్డా" అన్నది. "ఎండ గంత కొడుతుంటె వానెక్కడిది? లేసేటప్పుడే ఎరుక."

"మరెందుకు ఉరికినవ్?"

"మీరందరు నాటకమంటుంటిరి. డాక్టరు గూడ మంచిగనే ఉన్నదనె. పంటె నొప్పి లేకపాయె. నా బుద్ధే దొంగదేమో అని నాకు గూడ అనుమానమొచ్చె. జర సూద్దామని ఉరికిన. ఉరకొచ్చె. ఇగ నేను దొంగనే అనుకున్న. కాలు గుంజినా, బట్ట తడిసినా ఎవలికి జెప్పాలె? దొంగ మాట ఎవలు నమ్ముతరు?"

వదినా, ఆమె చేత ఆమెనే దొంగ అనిపించాం. ఇంతకన్నా నేనేమీ రాయలేను.

మీ మాట మాత్రం చెప్పలేదు. మీరు వద్దన్నారని కాదు. అది నా నోటితో చెప్పేది కాదు.

నిన్న కాస్త తెలివిగా ఉన్నప్పుడు "ఉమకు రాసినవా?" అని అడిగింది. ఏం రాయాలని అడిగాను. "మీ యాడి నాటకం ఆడలేదంట, ఎముక నిజంగనే ఇరిగిందంట అని రాయి. బాగ ఉరికినవట గద అని ఫోన్ల అడిగింది. గా దినం సంది బిడ్డకు మొఖమెట్ల సూపియ్యాలె అని సిగ్గుతోటి సస్తున్న. పది మంది పిల్లలకు సదువు జెప్పే మనిషి అది. తల్లి దొంగదని అది ఎవ్వరి ముందట తలకాయ దించుకోవద్దు. దవాఖానోళ్లు ఫోటో గూడ తీసిండ్రని రాయి, నమ్ముతది" అన్నది.

ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను.

నవ్య